ఐదవ గడిలో ఏమి వ్రాయుదము?

పదవ తరగతి ఫలితములు వెలువడిన దినమునుండి మన ఇండ్లలో ఒకే ప్రశ్న వినవచ్చుచుండును: “ఏ గ్రూపు?” ఎం.పి.సి., బై.పి.సి. అను రెండు మాటలను దాటి ఆ సంభాషణ ముందునకు సాగదు. చరిత్ర యనియో వాణిజ్యమనియో మూడవ మాట పలికిన పిల్లవానిని చదువు రానివాని క్రింద జమకట్టుదురు. తండ్రి కాకినాడ వంక చూచును. తల్లి హాస్టలు ఖర్చు లెక్కించును. దరఖాస్తులో మిగిలిన గడులను బడి గుమాస్తా తనకు తోచినట్లు నింపును. ఆ విధముగా పరులచే నింపబడు గడులలో ఒకదానిని గూర్చి ఈ వారము మన పాఠకులతో గట్టిగా మాటలాడదలచితిమి. అది ఐదవ గడి. పదవ తరగతి తరువాతి రెండేండ్ల చదువులో తెలుగు ఉండుటయా, పోవుటయా అనునది నేడు ఆ ఒక్క గడిపై ఆధారపడియున్నది.

ఈ స్థితి ఎట్లు వచ్చినదో ముందుగా మనవి చేయుదుము. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతమునకు తనదైన పాఠశాలా పరీక్షా మండలి లేదు. అందుచేత దీర్ఘకాలము పుదుచ్చేరి, కారైకాలు ప్రాంతములు తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహె కేరళ ప్రణాళికను, మన యానాము ఆంధ్ర ప్రణాళికను అనుసరించుచు వచ్చినవి. 2023-24 విద్యాసంవత్సరమున ప్రభుత్వము తన ఉన్నత పాఠశాలలను కేంద్ర మాధ్యమిక విద్యామండలి, అనగా జనులు సి.బి.ఎస్.ఇ. అని పిలుచు మండలి, క్రిందికి మార్చెను. 2025లో ఆ పాఠశాలల పిల్లలు ఆ మండలి వారి పదవ, పన్నెండవ తరగతుల పరీక్షలకు తొలిసారిగా కూర్చుండిరి. ఈ మార్పు మేలా, కీడా అను వాదమునకు మేమిప్పుడు దిగుట లేదు. వచ్చిన మార్పులో మన సొత్తు ఎక్కడ జారిపోవుచున్నదో చూపుటయే మా పని.

పూర్వపు ఇంటర్మీడియట్ చదువులో ఆంగ్లముతో పాటు ద్వితీయ భాష యొకటి తప్పనిసరి. కొత్త పద్ధతిలో పదకొండవ తరగతి విద్యార్థి ఐదు విషయములను ఎన్నుకొనవలెను. మొదటిది భాష, ఆంగ్లమో హిందీయో తప్పదు, మనవారు ఆంగ్లమునే పట్టుదురు. మూడు విషయములు గ్రూపునకు సంబంధించినవి. ఐదవది విద్యార్థి ఇష్టము. మండలి ప్రకటించు జాబితాలో తెలుగు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రణాళికతో ఒకటి, తెలంగాణ ప్రణాళికతో ఒకటి, రెండు విధములుగా కలదు. అదియును గాక, కోరినవారు ఆరవ విషయమును అదనముగా తీసికొనవచ్చును. కాబట్టి మండలి తెలుగును వెడలగొట్టలేదు. తలుపు తీసియుంచి, “మీ ఇష్టము” అన్నది. మనవారిలో పెక్కుమంది ఆ మాటను “అక్కరలేదు” అని చదువుకొనుచున్నారు.

గోదావరీ తీరమున మన సరిహద్దు దాటి ఆంధ్రప్రదేశ్‌లో చేర్చినచో ఈ చిక్కు తీరునని ఎవరైన తలచినచో వారికి ఒక మాట. అచ్చటి ఇంటర్మీడియట్ మండలియు 2025-26 నుండి ఆంగ్లమును మాత్రము తప్పనిసరి చేసి, ద్వితీయ భాష స్థానమున విద్యార్థి కోరిన ఐచ్ఛిక విషయమును తీసికొను వీలు కల్పించినది. అనగా కాకినాడలోనైనను యానాములోనైనను నేడు తెలుగు నిలుచు చోటు ఒకటే: విద్యార్థి తానై నింపవలసిన గడి.

ద్వితీయ భాష తప్పనిసరియై యున్న దినములలో సైతము ఆ గడికి పట్టిన గతి అందరెరిగినదే. ప్రైవేటు కళాశాలలు పెక్కు దానిలో సంస్కృతము వ్రాయించినవి. సంస్కృతముపై మాకు ద్వేషము లేదు. ఆ భాషను ప్రీతితో చదువుకొను బాలునకు నమస్కరింతుము. కాని దేవనాగరి లిపిని గుర్తుపట్టలేని బాలుడు, జవాబులను తెలుగులోనో ఆంగ్లములోనో వ్రాసి, నిండు మార్కులకు చేరువగా తెచ్చుకొని, పరీక్ష మరునాడు సర్వము మరచుట సంస్కృత విద్య యగునా? అది సంస్కృతమునకు గౌరవము కాదు. తెలుగునకు న్యాయమును కాదు. తూకము చూపుటకు తక్కెడలో రాయి వేసినట్లు మార్కుల కొరకు వేసిన విషయమది.

ఇక మన పెద్దలు చెప్పు ఆక్షేపణలను ఒక్కొక్కటిగా చూతము.

“తెలుగు తీసికొన్నచో డాక్టరు సీటు, ఇంజనీరు సీటు పోవును” అని మొదటి ఆక్షేపణ. లెక్క చూడుడు. వైద్యవిద్యకు పెట్టు నీట్ పరీక్షలో 720 మార్కులును భౌతిక, రసాయన, జీవశాస్త్రములకే చెందును. జె.ఇ.ఇ. మెయిన్ ద్వారా ఇంజనీరింగునకు పోవువారిని గణితము, భౌతికశాస్త్రము, రసాయనశాస్త్రము తప్ప వేరేమియు అడుగరు. ఐదవ గడిలో తెలుగు వ్రాసినను, మరియొకటి వ్రాసినను ఆ పరీక్షలలో దాని మూలమున ఒక మార్కు పెరుగదు, ఒక మార్కు తరుగదు. లాభనష్టములు సమానమైన చోట సరుకు గుణమును చూచి కొనుట వర్తకులకు తెలిసిన ధర్మము. పన్నెండవ తరగతి మొత్తపు మార్కులను చూచు చోటులును కలవు. అట్టి చోట ఇంట వాడు భాషలో మార్కులు తెచ్చుకొనుట సులభమా, పదకొండవ తరగతిలో అక్షరాభ్యాసము చేసిన కొత్త విషయములో సులభమా? కంప్యూటరు విద్యపై నిజమైన మక్కువ గల బాలుడు ఐదవ గడిలో దానినే వ్రాయుగాక. వానికి ఆరవ గడి యున్నది. మక్కువ లేకయే, ప్రక్కింటి పిల్లవాడు వ్రాసెనని వ్రాయువారితోనే మా తగవు.

“పై చదువులలో బరువు హెచ్చు, భాషకు వేళ యెక్కడిది?” అని రెండవ ఆక్షేపణ. ప్రపంచములో గొప్ప చదువులని పేరుపొందిన వాటిని చూడుడు. 1968లో జెనీవాలో స్థాపింపబడిన ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ పేరు 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒప్పందము చేసికొన్నప్పుడు మన ప్రాంతమున మారుమ్రోగినది. ఆ ఒప్పందముపై వాదములు వేరు. ఆ సంస్థ డిప్లొమా చదువులోని కట్టడి ఏమో అది మనకిప్పుడు ముఖ్యము. విద్యార్థి ఆరు విషయములు చదువవలెను. వాటిలో మొదటి వర్గము తనకు బాగుగా వచ్చిన భాషయు, దాని సాహిత్యమును. భౌతికశాస్త్రమును పై స్థాయిలో చదువు బాలుడైనను దానిని తప్పించుకొనజాలడు. బడిలో ఆ భాషకు ఉపాధ్యాయుడు లేనిచో, బడి పర్యవేక్షణలో తానే సాహిత్యము చదివి పరీక్ష వ్రాయుటకు సైతము దారి చూపిరి.

ఫ్రెంచివారి బాకలోరియా మన యానామునకు అపరిచితము కాదు. 1826లో స్థాపింపబడిన పుదుచ్చేరి ఫ్రెంచి లీసె నేటికిని పిల్లలను ఆ పరీక్షకు సిద్ధము చేయుచున్నది. 2021 నుండి జరుగుచున్న కొత్త పద్ధతిలో పూర్వపు గ్రూపులు పోయినవి. విద్యార్థి తుదికి ముందు సంవత్సరమున మూడు ప్రత్యేక విషయములను, తుది సంవత్సరమున వాటిలో రెంటిని నిలుపుకొనును. గణితమును, భౌతికశాస్త్రమును పట్టినవాడైనను ఫ్రెంచి భాషలో వ్రాత పరీక్షయు, మాటల పరీక్షయు ఇయ్యక తప్పదు. తుది యేట తత్త్వశాస్త్రము చదువక తప్పదు. ఇంజనీరు కాబోవు ఫ్రెంచి బాలునకు తన భాషకు వేళ చిక్కుచుండగా, యానాము బాలునకు ఏల చిక్కకుండవలెను? వేళ లేకపోవుట చదువు బరువు వలన కాదు. ఉదయము నాలుగు గంటలకు లేపి రాత్రి పది వరకు ఒకే ప్రశ్నలను తిరుగవేయించు పద్ధతి వలన. ఆ పద్ధతిని గొప్ప చదువని భ్రమించి దానికి రుసుము చెల్లించువారు తల్లిదండ్రులే.

“ఇంట మాటలాడుచునే యున్నాడు గదా, బడిలో మరల ఏల?” అని మూడవ ఆక్షేపణ. ఇది వినుటకు తియ్యగా నుండును. ఇంట మాటలాడు భాష అన్నము పెట్టుమనుటకు చాలును, సంతలో బేరమాడుటకు చాలును. దస్తావేజు చదువుటకు, అర్జీ వ్రాయుటకు, తీర్పులోని ఒక మాటకును మరియొక మాటకును గల భేదము గ్రహించుటకు చాలదు. సావిత్రినగరము నుండియో దరియాలతిప్ప నుండియో వచ్చిన మత్స్యకారుడు తన కడుపునొప్పిని ఏ భాషలో చెప్పుకొనును? ఆ మాట విని, వ్యాధి యేమో, మందు ఎట్లు మ్రింగవలెనో మరల అతనికి తెలియునట్లు చెప్పగల వైద్యుడు కావలెనా, వద్దా? బై.పి.సి. చదువుచున్న మన బిడ్డకు తెలుగు అక్కర లేదనువారు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెను.

పెద్ద ఉద్యోగములను కోరువారికిని ఒక సంగతి. కేంద్ర పబ్లిక్ సర్వీసు కమిషనువారి సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఒక భారతీయ భాషలో 300 మార్కుల ప్రశ్నపత్రము కలదు. కొన్ని మినహాయింపులు తప్ప అందరు దానిని వ్రాయవలసినవారే. దానిలో నూటికి 25 వంతున మార్కులు రానిచో తక్కిన పత్రములను లెక్కలోనికి తీసికొనరు. పదవ తరగతితో తెలుగునకు స్వస్తి చెప్పిన బాలుడు పదేండ్ల పిమ్మట కలెక్టరు కావలెనని బయలుదేరి, వ్యాసము వ్రాయలేక, గుణింతములు దిద్దుకొనవలసిన దుర్గతి యేల? తెలుగు సాహిత్యమును ఐచ్ఛిక విషయముగ తీసికొను వీలును ఆ పరీక్షలో కలదు. ఆ దారిని పదహారవ యేటనే ముళ్లకంపతో మూయుట వివేకము కాదు.

“బడిలో తెలుగు లేదట, ఏమి చేయుదుము?” అనునది నాలుగవ ఆక్షేపణ. ఇదియే అన్నిటికంటె ముఖ్యమైనది. ఏ విషయమునకైనను విద్యార్థులు అడిగిననే ఉపాధ్యాయుడు వచ్చును; అడుగువారు లేనిచో ఉన్న ఉపాధ్యాయుని పదవియు నిలువదు. ఒక యేడు పదిమంది అడుగక ఊరకుందురు. మరుసటి యేడు “విద్యార్థులు లేరు” అని కాగితముపై వ్రాయుదురు. మూడవ యేట తెలుగు పండితుడు పదవీవిరమణ చేయును, ఆ చోటు భర్తీ కాదు. నాలుగవ యేట నిజముగా కావలెనని వచ్చిన బాలునకు “మన బడిలో లేదు” అని జవాబు వచ్చును. ఎవరును ఆజ్ఞ వేయకయే, ఎవరును నిషేధింపకయే ఒక భాష బడినుండి వెడలు విధము ఇది. అంగట్లో అన్నియు నున్నవి, అల్లుని నోట శని యున్నది అను సామెత మనకే సరిపోవుచున్నది.

చట్టము కాపాడునని యెవరును నిశ్చింతగా నుండరాదు. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు మాతృభాషలో బోధనావకాశము కల్పింపుమని చెప్పుచున్నది. కాని ప్రాథమిక దశకు మాత్రమే. తెలంగాణ రాష్ట్రము 2018లో తెలుగును తప్పనిసరి చేయుచు చేసిన చట్టమును పదవ తరగతితో ఆగినది. పదకొండు, పన్నెండు తరగతులలో మన భాషకు చట్టమను గొడుగు లేదు. అడుగుటయే గొడుగు.

పొరుగున జరిగినది తలచుకొనుడు. 2006లో తమిళనాడు శాసనసభ తమిళమును బడులలో తప్పనిసరి చేయుచు చట్టము చేసినది. అది ఒకటవ తరగతి నుండి యేటేట పైకి ప్రాకి 2015-16లో పదవ తరగతిని చేరినది. తమిళ పత్రమునుండి మినహాయింపు కోరి, అచ్చట తరతరములుగా స్థిరపడిన తెలుగువారును, ఇతర భాషలవారును మద్రాసు హైకోర్టునకు, పిమ్మట సుప్రీంకోర్టునకు ఎక్కవలసి వచ్చినది. తమ భాషలో పరీక్ష వ్రాసికొనుట కొరకు వారు వకీళ్లకు సొమ్ము పోసిరి. మనకు అట్టి నిర్బంధ మేదియు లేదు. 1956 నాటి విలీన ఒప్పందము, ప్రజాప్రతినిధులు వేరు విధముగా నిర్ణయించువరకు ఫ్రెంచి అధికారభాషగా నుండునని చెప్పినది. ఆ ఒప్పందము 1962లో అమలులోనికి వచ్చినది. 1965 నాటి అధికారభాషా చట్టము తమిళమునకు ప్రధాన స్థానము నిచ్చుచు, యానామున తెలుగును, మాహెలో మలయాళమును వాడుకొను హక్కును నిలిపినది. 2011 జనాభా లెక్కలలో ఈ కేంద్రపాలిత ప్రాంతమున 12,47,953 మంది యుండగా యానామున నున్నవారు 55,626 మంది. ఇంత చిన్న జనసంఖ్యకు చట్టము చోటు చూపినది. ఆ చోటున కూర్చుండుటకు పిల్లలను తయారు చేయవలసినది బడి. బడిని అడుగవలసినది ఇల్లు.

ఎం.పి.సి. వలదని మేమనలేదు. బై.పి.సి. వలదని అనలేదు. ఆంగ్లమునకు అడ్డు చెప్పలేదు. ఆంగ్లము లేనిదే నేడు పై చదువు లేదని మేమెరుగుదుము. వాణిజ్యము, అర్థశాస్త్రము, చరిత్ర చదువగోరు బిడ్డను చిన్నచూపు చూడవలదని మాత్రము చెప్పుచున్నాము. యానామున డాక్టర్ ఎస్.ఆర్.కె. ప్రభుత్వ కళాశాల యుండగా, ఆ విషయములు పనికిమాలినవైనట్లు మాటలాడుట మన కాలిని మనమే నరికికొనుట. గ్రూపు ఏదైనను కానిండు, అది బిడ్డ బుద్ధిని, ఇష్టమును బట్టి కుదురవలెను. ఐదవ గడి మాత్రము ఇంటివారు కూర్చుండి, ఆలోచించి, తమ చేతితో నింపవలెను.

2008లో తెలుగునకు ప్రాచీనభాషా హోదా వచ్చినప్పుడు మనవారు సంబరపడిరి. యేటేట ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి చిత్రపటమునకు పూలమాల వేయుచున్నాము. అవధాన విద్యకు దేశమంతట కీర్తి తెచ్చిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు చిన్ననాట మన యానామున చదువుకొనిరని వేదికలపై గర్వముగా చెప్పుకొనుచున్నాము. ఆగస్టులో వేసిన మాలకు విలువ జూన్‌లో నింపిన దరఖాస్తు వలన తెలియును. జూన్‌లో కొట్టివేసిన భాషకు ఆగస్టులో దండ వేయుట భక్తి యనిపించుకొనదు.

కాబట్టి మన సంఘ సభ్యులకు మూడు మాటలు మనవి చేయుచున్నాము. మొదటిది: పదవ తరగతి చదువుచున్న బిడ్డ గల ప్రతి యిల్లును, పరీక్షలకు ముందుగనే, “పదకొండవ తరగతిలో మా బిడ్డకు తెలుగు కావలెను” అని ప్రధానోపాధ్యాయులకు వ్రాతమూలకముగా తెలుపవలెను. నోటి మాటకు లెక్క లేదు. కాగితమునకు లెక్క కలదు. రెండవది: అట్టి అర్జీల నకళ్లను సంఘమునకు పంపవలెను. ఎందరు అడిగిరో తెలిసినగాని విద్యాశాఖను ఉపాధ్యాయుని కొరకు అడుగుటకు మన నోట బలముండదు. కనకాలపేట, మెట్టకూరు, కురసాంపేట, అడవిపొలము, గిరియాంపేట, ఫరంపేటలలో ఊరికొక్కరు ఈ పనికి పూనుకొన్న చాలును. మూడవది: కాకినాడ పోయి చేరువారును, సొమ్ము చెల్లించుటకు ముందుగ, ఆ కళాశాలవారిని ఐదవ విషయము ఏమని అడుగవలెను. తెలుగు లేదన్నచో, ఏల లేదని అడుగవలెను. సరుకు కొనువాడు అడుగక యూరకున్నచో అమ్మువాడు తనకు మిగిలినదానినే అంటగట్టును.

పదహారేండ్ల బిడ్డ తన గ్రూపును తాను ఎన్నుకొనగలడు. ఆ బిడ్డ మనుమలు తెలుగు చదువగలరా లేదా అనునది మాత్రము ఆ వయసున వానికి తోచు విషయము కాదు. అది పెద్దలు చూచుకొనవలసిన బాధ్యత. రానున్న విద్యాసంవత్సరపు దరఖాస్తు మీ చేతికి వచ్చినప్పుడు దానిని గుమాస్తాకు అప్పగింపకుడు. కలము మీరే తీసికొనుడు. ఐదవ గడిలో “తెలుగు” అని మీ చేతితో వ్రాయుడు.

అడవిపొలము, యానాము.